ఎల్లయ్య తొవ్వ

సిద్దిపేట,
మార్చి 6, 2011.

ముజీబ్‌కు మీ ఆపా నిఖత్ దువాలు.

శుక్రవారం నువ్వు ఫోన్ చేసినప్పుడు "అంతా ఖైరియత్" అన్నాను కదా, అది అబద్ధం. పక్కనే మా అత్త షహజాదీ కూర్చుని ఉంది. ఆమె ముందు నేను ఒక్క కన్నీటి చుక్క కారిస్తే ఆమె నాలుగు కారుస్తుంది, తర్వాత ఇద్దరికీ టీ నేనే పెట్టాలి. అందుకే ఉత్తరం రాస్తున్నాను. మనిద్దరం తెలుగు మీడియంలో చదవడం ఇన్నాళ్లకు పనికొచ్చింది. ఈ ఇంట్లో ఆమెకూ, మా ఆయన, అదే మీ దుల్హాభాయ్ మజహర్‌కూ ఉర్దూ తప్ప చదవడం రాదు. ఈ కాగితం బల్ల మీద వదిలేసినా నా భయం ఎవరికీ తెలియదు.

భయం అర్షీన్ గురించే. నీ మేనకోడలికి ఈ నెలతో ఏడేళ్లు నిండాయి. తలసీమియా పిల్లకు ఇరవై రోజులకోసారి రక్తం ఎక్కించాలి, మాకు ఎక్కించేది హైదరాబాదులో. ఇది నీకు తెలిసిందే. తెలియనిది పోయిన నెల సంగతి. బందులప్పుడు గజ్వేల్ ఇవతల రోడ్డు మీద వంటా వార్పు పెట్టారు. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు, జెండాలు, పాటలు. మన ఓమ్నీ వ్యాను ఎక్కడో వెనక, మూడు కిలోమీటర్ల బండ్ల వరసలో చిక్కుకుంది. ముందు కూర్చున్నవాళ్లకు మేమున్నట్టు తెలియదు. మీ దుల్హాభాయ్ ఎండలో నడుచుకుంటూ పోయి చెబితే పాపం వాళ్లు పొయ్యి మీది అన్నం దించి మరీ పరుగెత్తుకొచ్చారు. "దవాఖాన బండా? ముందుగాల్నే చెప్పొద్దా అన్నా!" అన్నారట. కానీ మా బండికి అటు ఇటు లారీలు. బయటపడేసరికి అయిదు గంటలు పట్టింది. అర్షీన్ పెదవులు సున్నం కొట్టినట్టు తెల్లబడ్డాయి. "అమ్మీ, నాకు మెట్లు ఎక్కినట్టు అయితుంది" అంది, కూర్చున్నచోటే.

ఎవర్నీ తిట్టలేను ముజీబ్. తెలంగాణ నాకూ రావాలి. జనవరిలో ఆడవాళ్లు వండినప్పుడు అదే రోడ్డు మీద నేనూ కూర్చుని ఉల్లిగడ్డలు తరిగాను. ఆ రోజు నా వెనక ఏ బండిలో ఎవరి పిల్ల ఉందో నాకూ తెలియదు.

నీ దుకాణంలో చేతిలో పట్టుకునే మిషనేదో అమ్ముతామన్నావే, ఇసుకలో కూడా తొవ్వ తప్పకుండా చూపేది. హైవే ముట్టకుండా ఊళ్ల మీదుగా పట్నం చేర్చేలా అది మాకు చూపగలదా? మీ దుల్హాభాయ్‌ది జహీరాబాదు వైపు, నేను టౌనులో పెరిగినదాన్ని. ఈ చుట్టుపక్కల ఊళ్లు మా ఇద్దరికీ కొత్తే.

నిఖత్

*

షార్జా,
మార్చి 28, 2011.

ఆపా, సలాం.

సెలవు మీద వచ్చిన బుచ్చిరాములుకు నువ్వు ఇచ్చిన ఉత్తరం అతని సూట్‌కేసులో పచ్చడి సీసాల కింద మూడు రోజులు నిద్రపోయింది. చదివాక నాకు నిద్ర లేదు. ముందే ఎందుకు చెప్పలేదని నిన్ను తిట్టాలని ఉంది, కానీ నువ్వు తిరిగి తిడితే నేను తట్టుకోలేనని నీకు తెలుసు.

సరే, పని మాట్లాడతాను. జీపీఎస్ ఉన్న ఫోను కొనిపించాలని మొదట అనుకున్నాను. అది వద్దు. రెండు గంటల్లో బ్యాటరీ తాగేస్తుంది, పైగా దాని మ్యాపు ఇంటర్నెట్‌లోంచి రావాలి. గజ్వేల్ దాటితే మాట వినపడడమే కష్టం, మ్యాపెక్కడ వస్తుంది? మా దగ్గర చేపల పడవలవాళ్లు కొనేది ఒకటుంది, పసుపు రంగుది, అరచేతిలో పట్టేంత. రెండు పెన్సిల్ సెల్లులు వేస్తే పొద్దంతా నడుస్తుంది. నీళ్లలో పడినా ఏమీ కాదు. దాని తెర మాత్రం అగ్గిపెట్టె అంత. ఇంకొకటి కారు అద్దానికి అంటించుకునేది, పెద్ద తెర, బాణం గుర్తు వేసి నోటితో కూడా చెబుతుంది. అది చూడముచ్చటగా ఉంటుంది, కానీ లోపల బ్యాటరీ మార్చలేం, నీళ్లు తగిలిందంటే పోయినట్టే.

అయినా ఆపా, మిషన్లో ఏమీ లేదు. మనం ఎక్కడున్నామో అది చెబుతుంది, అంతే. ఎటు పోవాలో చెప్పేది మ్యాపు. కార్డు మీద అమ్మే ఇండియా మ్యాపు వేసి చూశాను. సిద్దిపేట ఒక చుక్క, గజ్వేల్ ఒక చుక్క, మధ్యలో ఒక ఎర్ర గీత. తొగుట లేదు, వర్గల్ లేదు, మనం పుట్టినట్టే లేదు. ఎవరికి వారు గీసి అందరికీ ఉచితంగా ఇచ్చే మ్యాపు ఇంకొకటుంది. మన వైపు గీసినవాడు ఒక్కడూ లేడు. అంటే మనమే గీయాలి.

అందుకని ముందు పసుపుది మా దుకాణంలో పనిచేసే యోబు చేతికిచ్చి పంపుతున్నాను. నెలాఖరుకు సెలవు మీద వస్తున్నాడు. ఆ ఊళ్లు తెలిసిన డ్రైవరు ఎవరికైనా ఇవ్వు. ఆన్ చేసి బండిలో పెట్టుకుంటే చాలు, పోయిన చోటల్లా చుక్కలు పెట్టుకుంటూ పోతుంది, ముగ్గుకు పెట్టినట్టు. ఆ చుక్కలు నేను ఇక్కడ కలుపుతాను. పక్కన ఒక బటన్ ఉంటుంది. తొవ్వలో చూసుకోవలసింది ఏదైనా వస్తే ఒకసారి నొక్కమని చెప్పు, అక్కడ చిన్న జెండా పడుతుంది. దానికి పేరు రాసుకోవచ్చు. రాయకపోతే అదే ఒక నంబరు వేసుకుంటుంది.

అర్షీన్‌తో చెప్పు, మామూ ఆమె కోసం తొవ్వ గీస్తున్నాడని.

ముజీబ్

*

సిద్దిపేట,
మే 29, 2011.

ముజీబ్‌కు,

మిషన్‌లోని కార్డు ఈ కవరులోనే ఉంది, చిన్న గోరంత, పారేయకు. నెట్ సెంటరు వాడు పంపుతానన్నాడు గానీ వాడి దుకాణం తెరిచిన రోజులకన్నా మూసిన రోజులే ఎక్కువ.

మనకు మనిషి దొరికాడు. ఎల్లయ్య అని, తొగుట అవతలి ఊరు. టెంపోలో టమాటలు, బీన్సు వేసుకుని వర్గల్ వైపు మార్కెట్‌కూ, మన సిద్దిపేటకూ పోతాడు. మీ దుల్హాభాయ్‌కు మెకానిక్ షెడ్డులో దోస్తయ్యాడు. చదువు లేదు గానీ ఆ ఊళ్లలో అతనికి తెలియని గల్లీ లేదంటారు. మిషను చేతికిస్తే అటూ ఇటూ తిప్పి, "గీ డబ్బ నాతోని అస్తదా అక్కా? టమాటల మీద పెట్టన్నా, ముందల పెట్టన్నా?" అన్నాడు. బటన్ గురించి చెప్పాను. "జర చూస్కోవాల్సిన జాగ అస్తే నొక్కాలె. గంతే గద?" అన్నాడు. గంతే అన్నాను. ఎర్ర దారం కట్టి అద్దానికి వేలాడదీసుకున్నాడు. మూడు రోజులు తిప్పాడు.

అతను పోయే తొవ్వ గజ్వేల్‌ను పక్కన పెట్టేసి వర్గల్ వైపు తేలుతుందట. గంట కలిసొస్తుంది. "హైవే దిక్కు సూడనే సూడం అక్కా. మా బండ్లన్ని గట్లనే పోతయ్" అన్నాడు. ఒక్క గుంత లేదట, తొగుట దాటాక కొంత దూరమైతే గచ్చు చేసినట్టు చదునుగా ఉంటుందట. వినగానే నాకు ఏడుపొచ్చింది. పోయిన ఫిబ్రవరి నుంచి మొదటిసారి కడుపు నిండా అన్నం తిన్నాను. కడుపులో ఉన్నవాడు కూడా సంతోషపడి ఒక తన్ను తన్నాడు. వీడికి ఆ రోగం లేదని డాక్టరు పరీక్ష చేసి చెప్పాడు, నీకు ఫోన్లో చెప్పాను కదా. ఇక మిగిలింది అర్షీన్‌ను ఈ గొడవలు దాటించడం.

అన్నట్టు జూన్‌లో మళ్లీ పెద్ద బంద్ అంటున్నారు. తొందరగా చెయ్యి.

నిఖత్

*

షార్జా,
జూలై 24, 2011.

ఆపా, సలాం.

నీ తమ్ముడు ఇప్పుడు మ్యాపులు గీసేవాడు. దర్జాగా చెప్పుకో.

నాలుగు శుక్రవారాలు దీని మీదే కూర్చున్నాను. మిషను తన రకం మ్యాపు తప్ప తీసుకోదు. మన చుక్కల్ని ఆ రకంలోకి మార్చే సాఫ్ట్‌వేర్ కావాలి. మొదట దొరికింది అంకెలు తారుమారు చేసి సిద్దిపేటను తీసుకుపోయి ఉత్తరాన మంచు సముద్రంలో పడేసింది. మా దుకాణంలో వాళ్లంతా నవ్వారు. రెండోది సరిగ్గా పెట్టింది గానీ తెలుగు అక్షరాలన్నీ డబ్బాలుగా చూపించింది, అందుకే పేర్లు ఇంగ్లీషులో రాశాను.

మిషను విషయంలో మనసు మార్చుకున్నాను. పసుపుదాని తెర దుల్హాభాయ్ కళ్లకు ఆనదు. బండి నడుపుతూ అగ్గిపెట్టెలోకి తొంగి చూస్తే ఇంకో ప్రమాదం. పెద్ద తెరదే పంపుతున్నాను. మా సేఠ్ షోకేసులో పెట్టినదాన్ని నాకు ఇచ్చాడు. పసుపుది నీ దగ్గరే ఉండనీ.

ఎల్లయ్య కార్డు తెరవగానే భయమేసింది, తెర నిండా చీమలు పాకినట్టు చుక్కలు, నంబర్లు, జెండాలు. అడ్డమైనవన్నీ ఏరి పారేశాను. ఇప్పుడు చూడు, తెల్లటి తెర మీద ఒకటే నీలం గీత, సిద్దిపేట నుంచి వర్గల్ దాకా. దాని పేరు 'ఎల్లయ్య తొవ్వ'. బాణం ఎటు చూపితే అటు పోతే చాలు. ఒక కాగితం మీద కూడా అచ్చు తీసి పెట్టాను, నీకోసం.

ఇక్కడ టీవీలో మన సిద్దిపేట ధర్నాలు చూపించినప్పుడల్లా గుంపులో అర్షీన్ ఉందేమోనని వెతుకుతాను. పిచ్చి. ఆమె గుంపులో ఎందుకుంటుంది?

ముజీబ్

*

సిద్దిపేట,
అక్టోబర్ 3, 2011. పొద్దున ఎనిమిది.

ముజీబ్‌కు,

వాళ్లు అయిదింటికి బయలుదేరారు. మీ దుల్హాభాయ్, మా అత్త, ఆమె ఒళ్లో అర్షీన్. చిన్నోడికి ఇంకా నలభై రోజులు నిండలేదని నన్ను ఉంచేశారు. రాత్రి నుంచి ముసురు. ఎదురింటి గోడ కూడా కనపడడం లేదు.

రక్తం తేదీ దాటి తొమ్మిది రోజులైంది. సకల జనుల సమ్మె మొదలై మూడు వారాలు. బస్సులు లేవు, బడులు లేవు, ఆఫీసులు లేవు. హైవే మీద ఎక్కడ ఎప్పుడు కూర్చుంటారో కూర్చునేవాళ్లకే తెలియదు. రెండుసార్లు బయలుదేరి కుకునూరుపల్లి దగ్గర నుంచి వెనక్కి వచ్చారు. డాక్టరు ఫోన్లో, "ఇంక ఒక్కరోజు కూడా ఆగకండమ్మా, గుండె మీద పడుతుంది" అన్నాడు. నిన్న అర్షీన్ మంచం దిగి తలుపు దాకా నడవలేకపోయింది. అందుకే మొదటిసారి ఎల్లయ్య తొవ్వలో పోతున్నారు. ఇన్నాళ్లూ నీ మిషన్‌ను హైవే మీదే చూసుకున్నాం. గజ్వేల్ వచ్చిందని అది చెప్పినప్పుడు అర్షీన్ చప్పట్లు కొట్టింది. మీ దుల్హాభాయ్‌కి దాని మీద నా మీద కన్నా ఎక్కువ నమ్మకం.

బొగ్గు లేక కరెంటు రోజులో నాలుగు గంటలు కూడా ఉండడం లేదు. నిన్న సాయంత్రం వచ్చిన కాసేపు మిషన్‌కే పెట్టాం. ఆయన ఫోన్‌కు ఛార్జింగ్ లేదు. ఓమ్నీలో నువ్వు చెప్పిన సాకెట్ ఎప్పుడో కాలిపోయింది. "ఫోనెందుకు, తొవ్వ ముఖ్యం" అన్నాడు ఆయన. నేనూ సరే అన్నాను.

పదకొండున్నర.

నా చేతిరాత చూసి ఏమనుకోకు.

ఎల్లయ్య వచ్చాడు. మార్కెట్ నడవక టమాటలు మిగిలిపోతే గంప నిండా తెచ్చాడు. "మజహర్ భాయ్ లేడా అక్కా? బండి కనవడ్తలేదు" అన్నాడు. "పట్నం పోయిండ్రు. నీ తొవ్వలనే" అన్నాను, సంతోషంగానే అన్నాను. గంప కింద పెట్టబోతున్నవాడు అట్లాగే ఆగిపోయాడు.

"నా తొవ్వల ఎట్ల పోతరక్కా? గది ఎండకాలం తొవ్వ గద! చెరువు ఎండితె అండ్లకెల్లి పోతం. గిప్పుడు గాడ మనిషి మునుగుడు నీళ్లున్నయ్."

ముజీబ్, ఆ చదునైన నేల చెరువు కడుపు. మేలో ఎండిపోయి ఉంటే అందరూ అడ్డంగా పడి పోతారు. ఆ ఊళ్లవాళ్లకు అది ఎంత మామూలంటే చెప్పాలని కూడా తోచదు. టౌను దాన్ని, నాకు అడగాలని తోచలేదు. నీ నీలం గీత నేరుగా చెరువులోకి పోతోంది. అందులో నా బిడ్డ ఉంది.

ఆయన ఫోన్ స్విచ్చాఫ్. నా ఫోనులో ఛార్జింగ్ అయిపోయేదాకా ఇరవైసార్లు చేశాను. ఎల్లయ్య బండి తీసుకుని ఉరికాడు. "నువ్వు గీడనే ఉండక్కా, పసిపోరడున్నడు" అన్నాడు. టమాటలు వాకిలంతా దొర్లిపోయాయి.

ఒంటిగంట.

ఎవరూ రాలేదు. చిన్నోడు ఏడుస్తున్నాడు, పాలు పడడం లేదు. నువ్వు అచ్చు తీసి పంపిన కాగితం ముందు పెట్టుకున్నాను. తొగుట దాటాక గీత ఎక్కడా వంకర పోకుండా పోయిన జాగా ఒకటుంది. దాని మీద వేలు పెట్టి తీయలేకపోతున్నాను. వేలు తీస్తే ఏమవుతుందో అనిపిస్తోంది.

అయిదింటికి పోయినవాళ్లు ఆరు, ఆరున్నరకు అక్కడికి చేరతారు. ఇప్పుడు ఒంటిగంట. ఏది జరగాలో అది ఎప్పుడో జరిగిపోయింది. నాకే ఇంకా తెలియదు.

మూడు.

యా అల్లా అనడం తప్ప ఇంకేమీ రావడం లేదు. రాస్తుంటేనే కూర్చోగలుగుతున్నాను, అందుకని రాస్తున్నాను. ఆమె చెప్పులు తలుపు దగ్గరే ఉన్నాయి. నడవలేదు కదా అని చెప్పులు లేకుండానే ఎత్తుకుపోయారు. గులాబీ చెప్పులు.

ఎవరో గేటు తీస్తున్నారు

*

సిద్దిపేట,
అక్టోబర్ 9, 2011.

ముజీబ్‌కు,

అర్షీన్ బతికే ఉంది. ముందు ఆ మాట చదువు, తర్వాత కూర్చుని మిగతాది చదువు. శుక్రవారం ఫోన్లో "బండి కొంచెం తడిసింది" అని మాత్రమే చెప్పాను. ఆ రోజు సగంలో ఆపిన ఉత్తరాన్ని కూడా ఇందులోనే పెట్టాను. చింపేద్దామనుకున్నాను. కానీ నువ్వు కూడా చదవాలి.

గేటు తీసింది స్వరాజ్యలక్ష్మి టీచరు. సమ్మెలో ఉంది, పాత బస్టాండు దగ్గర ధర్నా టెంటులో కూర్చుంటుంది. ఆయాసపడుతూ వచ్చి నా భుజాలు పట్టుకుంది. "మీ పాప పట్నంల ఉన్నది. రక్తం ఎక్కుతున్నదట. ఇప్పుడే టెంటుకు ఫోనొచ్చింది" అంది. నేను నిలబడిన చోటే కూలబడ్డాను, టమాటల మీద.

జరిగింది ఇది. ముసురులో పది అడుగుల ముందు ఏమీ కనపడలేదట. తొవ్వకు అడ్డంగా నీళ్లు వచ్చాయి. మీ దుల్హాభాయ్ బండి ఆపాడు. తెర మీద చూస్తే గీత నీళ్ల అవతల కూడా పోతూనే ఉంది. వానకు వాగు పొంగింది, చక్రమంత లోతు ఉంటుంది, దాటితే అవతల తొవ్వ ఉంది అనుకున్నాడు. గీత లేకపోయి ఉంటే వెనక్కి తిరిగేవాణ్నని ఇప్పటికీ తల కొట్టుకుంటున్నాడు. పది గజాలు పోయేసరికి తలుపుల దాకా నీళ్లు. ఇంజన్ ఆగింది. ముందు భాగం దిగబడి బండి పక్కకు ఒరగసాగింది. మా అత్త వెనక సీటు మీద నిలబడి, అర్షీన్‌ను రెండు చేతులతో పైకెత్తి, ఉర్దూలో, తెలుగులో, ఏ భాషా కాని భాషలో కేకలు పెట్టింది.

ఆ కేకలు విన్నది ఎవరనుకున్నావు? వంటా వార్పుకు పోయేవాళ్లు. ఆ పక్క ఊరివాళ్లు హైవే మీద వండడానికి గంజులు, కట్టెలు ట్రాక్టరులో వేసుకుని చెరువు కట్ట మీద పోతున్నారు. పన్నెండు మంది నీళ్లలోకి దిగారు. కొండవ్వ అని ఒక పెద్దామె, బియ్యం వండే పెద్ద గంజును నీళ్ల మీద తోసుకుంటూ వచ్చిందట. "పిల్లను గిండ్ల కూసోబెట్టుర్రి" అంది. అర్షీన్‌ను ఆ గంజులో కూర్చోబెట్టి ఒడ్డుకు తోశారు. నీళ్లు పిల్లకు పాదాలు తడిపాయి, అంతే. మా అత్తను కొంగు నడుముకు కట్టి లాగారు.

ఆ తర్వాత విను. గంజులోంచి తీసి ట్రాక్టరు, ట్రాక్టరు మీద నుంచి హైవే, హైవే మీద ఎవరిదో కారు. ముందు ఊరివాళ్లు తర్వాత ఊరికి ఫోన్ చేసుకుంటూ పోయారు. "గంజుల పాప అస్తున్నది, తొవ్వ ఇడువున్రి" అని. గజ్వేల్ దగ్గర లారీలను పొలంలోకి దింపి మరీ జాగా చేశారట. ఏ రోడ్డుకు భయపడి నేను మిషన్ తెప్పించానో ఆ రోడ్డే నా బిడ్డను చేర్చింది. ఇన్నాళ్లూ ఆ జెండాలను చూస్తే నోరు పారేసుకునే మా అత్త ఇప్పుడు టెంటుకు రోజూ టీ పంపుతోంది. టీ పెట్టేది నేనే అనుకో.

మిషన్ చెరువులోనే పోయింది. బండిని మూడో రోజు లాగారు.

ఇంకొక్కటి. ఆ సాయంత్రం ఎల్లయ్య వచ్చాడు, ఒళ్లంతా బురద, అంతదూరం పోయి, విషయం తెలుసుకుని, తిరిగి వచ్చాడు. నేను తలుపు సగమే తీశాను. "చదువు రానోనికి ఇచ్చుడు నాదే తప్పు. చెరువుంటదని ఒక్క మాట చెప్పకపోతివి. నా బిడ్డను చంపుదువు" అన్నాను. ఇంకా చాలా అన్నాను, అవి ఇక్కడ రాయలేను. అతను మెల్లగా అన్నాడు.

"నేను నొక్కిన గద అక్కా. సదువు రాదనే గద, రెండు సార్లు నొక్కిన. చెర్ల దిగినకాడ ఒకసారి, ఎక్కినకాడ ఒకసారి. చూస్కోవాల్సిన జాగ అస్తే నొక్కుమంటివి."

తలుపు వేసేశాను. కానీ ఆ మాట లోపలికి వచ్చేసింది. ఆరు రోజులుగా నాతోనే ఉంటోంది. ముజీబ్, ఆ రెండు జెండాలు నీకు వచ్చాయా? నిజం రాయి. ఫోన్లో వద్దు.

నిఖత్

*

షార్జా,
అక్టోబర్ 28, 2011.

ఆపా,

వచ్చాయి.

పాత కార్డు మళ్లీ తీసి చూశాను. చూడకుండానే నాకు తెలుసు, అయినా చూశాను. పద్నాలుగో నంబరు జెండా ఒక ఒడ్డున, పదిహేనో నంబరు జెండా రెండో ఒడ్డున. మధ్యలో కిలోమీటరుకు కొంచెం తక్కువ. అంత సరిగ్గా ఏ ఇంజనీరూ పెట్టలేడు. వాటికి పేర్లు లేవు. పేరు లేదు కాబట్టి చెయ్యి తగిలి పొరపాటున పడ్డాయనుకున్నాను, చదువు లేని మనిషి ఏదో నొక్కి ఉంటాడులే అనుకున్నాను. తెర శుభ్రంగా కనపడాలని చెరిపేశాను. జూలైలో నీకు గొప్పగా రాశాను కూడా, ఏరి పారేశానని.

ఇంకొకటి కూడా చెప్పాలి, చెప్పకపోతే ఈ ఉత్తరం కూడా అబద్ధమవుతుంది. ఆ గీత అక్కడ అంత సూటిగా ఎందుకుందా అని నాకు అప్పుడే అనుమానం వచ్చింది. మన వైపు తొవ్వలు పొలం గట్టు చూసుకుని, బావి చూసుకుని వంకర్లు తిరుగుతూ పోతాయి. కిలోమీటరు దూరం సూటిగా పోయే తొవ్వను నేను చిన్నప్పటి నుంచి చూడలేదు. ఎల్లయ్యను అడిగించాలని అనుకున్నాను. శుక్రవారం ఫోన్లో నువ్వు "అయిందా, అయిందా" అన్నావు. అయింది అనాలనిపించింది. మిషను ఏది, మ్యాపు ఏది, సాఫ్ట్‌వేర్ ఏది అని నాలుగు నెలలు వెతికినవాణ్ని, తొవ్వ చెప్పిన మనిషిని ఒక్క మాట అడగలేదు.

నీటికి తట్టుకునేది చేతిలో ఉంచుకుని, చూడ్డానికి బాగుండేది పంపాను. అది కూడా నేనే.

అప్పటి నుంచి దుకాణంలో ఎవరికైనా మిషన్ అమ్మాలంటే పక్కవాణ్ని పిలుస్తున్నాను. కళ్లు మూస్తే గంజు కనిపిస్తోంది. అది ఒరిగినట్టు కనిపిస్తోంది. పాదాలే తడిశాయని నువ్వు రాశావు, అయినా నాకు ఒరిగినట్టే కనిపిస్తోంది.

ఎల్లయ్యకు ఏం చెప్పాలో నాకు తెలియడం లేదు. నన్ను ఏమన్నా పడతాను.

ముజీబ్

*

సిద్దిపేట,
నవంబర్ 13, 2011.

ముజీబ్‌కు,

నీ ఉత్తరం చదివి బియ్యం డబ్బాలో పడేశాను. బక్రీద్ రోజు నువ్వు ఫోన్ చేస్తే బాత్రూములో ఉన్నానని చెప్పించాను. నీకూ తెలుసు, నేను లేను. నాలుగు మాటలంటే నువ్వు పడతావు, తేలికవుతావు. నిన్ను అంత తొందరగా తేలిక చేయాలనిపించలేదు. ఇది నా కోపం, నా హక్కు.

తర్వాత నా సంగతి నాకు గుర్తొచ్చింది. నువ్వు చెరిపింది తెర మీద. నేను అతని మొహం మీదే తలుపు వేశాను. చదువు రానోడని నువ్వు మనసులో అనుకున్నావు, నేను నోటితోనే అన్నాను.

బియ్యం దులిపి ఉత్తరం తీసుకుని, చిన్నోణ్ని ఎత్తుకుని, ఎల్లయ్య టమాటలు దించే చోటికి పోయాను. సమ్మె ఆగింది కదా, మార్కెట్ నిండా జనం. గంపల మధ్య నిలబడి నీ ఉత్తరం మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపించాను. అతను టమాటలు ఏరడం ఆపకుండా విన్నాడు. అయిపోయాక అడిగాడు, "పద్నాలుగు, పదిహేను అని నంబర్లు కూడ పడ్డయా అక్కా?"

పడ్డాయన్నాను.

"అంటె డబ్బ మంచిదే" అన్నాడు. ఒక టమాట పక్కకు పెట్టి, "నేను గూడ మంచిగనే నొక్కిన" అన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు, టమాట చేత్తోనే. నేను మాఫీ అడిగాను. "గది ఇడిసిపెట్టు. పిల్ల ఎట్లున్నది?" అన్నాడు.

పిల్ల బాగుంది. రంగు తిరిగింది. గంజులో కూర్చుని ఊరేగానని బడిలో అందరికీ చెప్పుకుంటోంది. నేనే బాగాలేను. వాన చప్పుడైతే లేచి ఆమె పాదాలు ముట్టుకుని చూస్తాను, తడిగా ఉన్నాయేమోనని. ఇరవై రోజులకోసారి ఆమెను పంపుతూనే ఉండాలి. రోడ్లు ఇప్పుడు తెరిచి ఉన్నాయి, మళ్లీ ఎప్పుడు మూస్తారో తెలియదు. ఈ భయం తెలంగాణ వచ్చాక కూడా పోయేది కాదు.

కొత్త మిషన్ పంపుతానని యోబుతో కబురు చేశావట. వద్దు. పసుపుది ఉంది కదా. మొన్న ఎల్లయ్య దాన్ని మెడలో వేసుకుని తొగుట నుంచి వర్గల్ వైపు తొవ్వంతా మళ్లీ తిరిగాడు. ఈసారి చెరువు కట్ట మీదుగా. కట్ట మీద నడిచే పోయాడట, బండికి ఎంత వెడల్పు ఉందో అడుగులతో కొలుచుకుంటూ. ఇరవై ఒక్కచోట నొక్కాడు. సాయంత్రం మా వాకిట్లో కూర్చుని ఒక్కో నంబరు దగ్గర ఏముందో చెప్పాడు, నేను రాశాను. ఏడో నంబరు, వాన పడితే జారుడు. పదకొండు, చెరువు నిండి మత్తడి దూకుతుంటే పోవద్దు. పదిహేడు, ఇక్కడ కొండవ్వ ఇల్లు, ఆపదొస్తే పిలవాలి.

చీటీ, కార్డు ఇందులో పెట్టాను. తెర చీమలు పాకినట్టే ఉండనీ.

ఒక్కటి కూడా చెరపకు.

నీ ఆపా,
నిఖత్